జీపు ఎన్ని ఎంబీ?

"పై విషయమై, మన కార్యాలయపు జీపు ఎన్ని ఎంబీ వాహనమో వర్క్‌షాపు వారు మూడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను."

ఈ నోటు టైపు చేసింది నేనే. ఇరవై రెండేళ్ళ సర్వీసులో చాలా చెత్త టైపు చేశాను. పిల్లి పాలు తాగిందని క్యాంటీను వాళ్ళకిచ్చిన మెమో, ఆ పిల్లి మన సంస్థది కాదంటూ వాళ్ళిచ్చిన జవాబు, రెండూ నా చేతి మీదుగానే వెళ్ళాయి. అలాంటివి టైపు చేసేటప్పుడు నవ్వుకుంటాను. ఈ నోటుకు మాత్రం నవ్వు రాలేదు. దీనికి వచ్చే జవాబును బట్టే అబ్రహాం డ్రైవరుగా మిగులుతాడో, గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటాడో తేలాలి.

నా పేరు హైమావతి. మాది తెనాలి. ఉద్యోగం నాచారంలో, సీనియర్ స్టెనోని. భూకంపాలను కొలిచే యంత్రాలను బాగుచేసే సర్కారు సంస్థ మాది. ఈ ఊళ్ళో భూమి కదలదు కాబట్టి మేమూ పెద్దగా కదలకుండా పనిచేసుకుంటాం. ఉద్యోగం కాక రిక్రియేషన్ క్లబ్బు కార్యదర్శి పదవి కూడా నాదే. ఎవరూ ఒప్పుకోకపోతే నా నెత్తిన పెట్టారు. క్లబ్బంటే రెండు క్యారం బోర్డులు, నెట్టు లేని టేబుల్ టెన్నిస్ బల్ల, తొంభై ఆరు జనవరి నుంచి ఒక కంప్యూటరు.

ఆ కంప్యూటరు ఆధునికీకరణ పథకం కింద వచ్చిన వాటిలో మిగిలిపోయింది. మా సీనియర్ సైంటిస్టు జనార్ధనరావు గారు దాని ముందు కూర్చుని పదమూడు ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. అంతకు ముందు అందులో డాస్ ఉండేది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. కొత్తదానికి కిటికీలు, బొమ్మలు, మూలన గడియారం, చివరికి చెత్తబుట్ట కూడా ఉన్నాయి. చూడ్డానికి పెళ్ళివారిల్లులా ఉండేది. పని మాత్రం పెళ్ళివారిల్లులాగే ఏదీ వేళకు అయ్యేది కాదు.

ముఖ్యంగా కార్ల ఆట. రోడ్డు మీద ఎదురొచ్చే లారీలను తప్పించుకుంటూ ఏడు మైళ్ళు నడపాలి. మూడుసార్లు గుద్దుకుంటే ఆట అయిపోయినట్టు. కీబోర్డు మీద నాలుగు బాణం మీటలతో సరిపోతుంది. డాస్‌లో ఉన్నప్పుడు కారు రివ్వున పోయేది. కొత్త సిస్టమ్ వచ్చాక మీట నొక్కితే కారు బాగా ఆలోచించుకుని రెండు సెకన్ల తర్వాత జరిగేది. ఈలోపు పెట్టెలోంచి ఎవరో మరమరాలు నములుతున్నట్టు గరగరమని చప్పుడు.

ఇదేమిటని జనార్ధనరావు గారిని అడిగాను. ఆయనకు నేనంటే కొంచెం జాలి, పాపం టైపిస్టు అని. అందుకని ఓపిగ్గా చెప్పారు.

"దీనికి నాలుగు ఎంబీ మెమొరీ ఉందండీ. మీ ఇంటి మీద నీళ్ళ ట్యాంకు అనుకోండి. కొత్త సిస్టమ్ కింది వాటా వాడు. మూడున్నర వాడే తోడేసుకుంటాడు. మన ఆటేమో పై వాటాలో ఉంది. దానికి నీళ్ళెక్కవు. అందుకని అస్తమానం బిందె పట్టుకుని హార్డ్ డిస్కు దగ్గరికి పరిగెత్తి తెచ్చుకుంటుంది. మీకు వినిపిస్తున్నది బిందె చప్పుడు."

నాచారంలో అద్దెకుంటున్న వాళ్ళకు ఇంతకన్నా విప్పి చెప్పాల్సిన పని లేదు. అయితే ఆట వరకు పాత డాస్‌లోకి వెళ్ళి ఆడుకోవచ్చు కదా అన్నాను. దానికి మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు విశ్వనాథం గారు అడ్డుపడ్డారు. కొత్త సిస్టమ్‌ను పూర్తిగా వినియోగిస్తున్నామని పైకి సర్టిఫికెట్ వెళ్ళిపోయిందట. ఇప్పుడు డాస్‌లో ఆడితే ఆడిట్ అభ్యంతరం వస్తుందట. అందుకని మావాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ కంప్యూటరు చుట్టూ చేరి, మీట నొక్కి, ఎదురుచూసి, విసుక్కుని, గుద్దుకుని వెళ్ళేవాళ్ళు.

అబ్రహాం సంగతి ఆ ఏడాది జులైలో మొదలైంది. మా సంస్థ జీపు డ్రైవరు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి మేడిపల్లిలో స్థిరపడ్డాడు. డెబ్భై నాలుగులో జీపు కొత్తగా వచ్చినప్పటి నుంచి ఆ సీట్లో ఆయన తప్ప మరొకరు కూర్చోలేదు. ఇరవై రెండేళ్ళలో దానికి గీత పడలేదు. ఒకరోజు పొద్దున స్నానం చేస్తూ పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు. నాలుగు నెలలు దవాఖానాకూ ఇంటికీ తిరిగాక చెయ్యీ కాలూ వెనక్కి వచ్చాయి, కానీ మొత్తం రాలేదు. నవంబరులో డ్యూటీలో చేరడానికి వచ్చాడు. చేతిలో డాక్టరు కాగితం. నడవగలడు, కూర్చోగలడు, వాహనం నడపగలడో లేదో సంస్థవారే పరీక్షించి తేల్చుకోవలెను అని ఉంది అందులో.

విశ్వనాథం గారి గదిలోకి వెళ్ళేముందు నా బల్ల దగ్గర కూర్చున్నాడు. టీ తెప్పించాను. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"గేటు కాడ కూసోమంటె కూసుంట మేడం, గదేం తప్పు గాదు" అన్నాడు. "గని ఇంట్ల నా పెండ్లం సారమ్మ నాకు గుండీలు వెడ్తది, అన్నం గలిపి వెడ్తది. పసిపోరని లెక్క అయిపోయిన. గా సీట్ల గూసుంటెనే మల్ల మనిషినైత. ఇంక పద్నాలుగు నెలలే గద నా సర్వీసు. గప్పటి దాంక తాళంచెవి నా జేబుల ఉంటె సాలు."

ఇదీ ఆయన కోరిక. ఇంతకన్నా చిన్న కోరిక ఈ సంస్థలో ఎవరూ కోరగా నేను వినలేదు. అందుకే దాని మీద ఫైలు అంత లావైంది.

ఎందుకంటే పరీక్ష పెట్టాలి. పరీక్ష పెట్టాలంటే జీపు ఇవ్వాలి. పరీక్షలో నెగ్గని డ్రైవరుకు సర్కారు జీపు ఇవ్వకూడదని రూలు. జీపు ఇవ్వకపోతే పరీక్షలో ఎలా నెగ్గుతాడని వర్క్‌షాపు ఫోర్‌మన్ కృపానందం అడిగాడు. అది ఆ రూలులో లేదని విశ్వనాథం గారు చెప్పారు. కృపానందం అబ్రహాంకు స్నేహితుడు, ఒకే చర్చికి వెళ్తారు. పోనీ గేటు లోపలే రెండు రౌండ్లు కొట్టించి చూద్దామన్నాడు. గేటు లోపల కూడా సర్కారే అన్నారు విశ్వనాథం గారు. ఇలా పదిహేను రోజులు గడిచాయి. అబ్రహాం రోజూ వచ్చి జీపు పక్కన నిలబడి బానెట్టు తుడిచి వెళ్ళేవాడు. తుడవడానికి పరీక్ష అక్కర్లేదు.

పదహారో రోజు భోజనాల వేళ విశ్వనాథం గారు ఏదో పని మీద క్లబ్బు ముందు నుంచి వెళ్తూ ఆగారు. లోపల తెర మీద రోడ్డుంది, కారుంది, ఎదురుగా లారీలున్నాయి. కారు వెళ్ళి లారీని గుద్దుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన ముఖం వెలిగిపోవడం నేను చూశాను. ఆ సాయంత్రమే ఆర్డరు టైపు చేయించారు. శ్రీ అబ్రహాంకు డ్రైవింగు పరీక్షను రిక్రియేషన్ క్లబ్బు కంప్యూటరులో నిర్వహించవలెను. ఏడు మైళ్ళు పూర్తి చేస్తే ఉత్తీర్ణుడు. పర్యవేక్షణ జనార్ధనరావు గారు. ఏర్పాట్లు కార్యదర్శి, అనగా నేను.

జనార్ధనరావు గారు ముందు కంప్యూటరుకే ఒంట్లో బాగాలేదన్నారు. పరీక్ష పెట్టే యంత్రం ఇంత నిదానంగా ఉంటే పరీక్షకు అర్థం ఏముందన్నది ఆయన వాదన. దానికి విశ్వనాథం గారు వెంటనే మందు చెప్పారు. మెమొరీ నిండిపోవడమంటే రికార్డు రూము నిండిపోవడమే కదా, మూడేళ్ళు దాటిన ఫైళ్ళు తీసి పారేయాలని రూలుంది కదా అన్నారు. మెమొరీ వేరు, ఫైళ్ళుండే డిస్కు వేరని జనార్ధనరావు గారు మెల్లగా చెప్పబోయారు. ఆ మాట రాసి సంతకం పెట్టి ఇమ్మన్నారు విశ్వనాథం గారు. జనార్ధనరావు గారి నెలరోజుల సెలవు దరఖాస్తు అప్పటికి విశ్వనాథం గారి బల్ల మీదే, మంజూరు కాకుండా ఉంది. సైన్సు అక్కడితో ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నమంతా కూర్చుని మెమొరీ పొదుపు చేశాం. మూలనున్న గడియారం తీసేశాం. తెర వెనకున్న మబ్బుల బొమ్మ తీసేశాం. నేను ఓపిగ్గా ఎక్కించిన ఎనిమిదేళ్ళ క్యారం ఫలితాలు, నిమ్మకాయ చెంచా పందెంలో గెలిచినవాళ్ళ పేర్లు, ఇద్దరు పెద్దమనుషులు పోయినప్పుడు చేసిన సంతాప తీర్మానాలు, అన్నీ చెరిపేశాం. అయినా తేడా రాలేదు. ఆటలో ఆటగాళ్ళు నమోదు చేసుకున్న పేర్లు మరీ పొడుగ్గా ఉన్నాయని విశ్వనాథం గారికి అనుమానం వచ్చింది. అందరికీ రెండేసి అక్షరాలే ఇచ్చాం. గెజిటెడ్ ఆఫీసర్లకు మాత్రం పూర్తి పేరు ఉంచాలని ఒక సవరణ వచ్చింది. జనార్ధనరావు గారు గడియారం పట్టి చూశారు. మీట నొక్కాక కారు కదలడానికి ఇదివరకు రెండు సెకన్ల మీద పదోవంతు పట్టేది, ఇప్పుడు సరిగ్గా రెండు సెకన్లు. అయిదు శాతం మెరుగుదల అని గ్రాఫు గీసి ఫైల్లో పెట్టారు.

బుధవారం పరీక్ష. క్లబ్బు గది నిండిపోయింది, కిటికీల దగ్గర కూడా జనం. ఆరోగ్యవంతుడైన మనిషి ఎంత దూరం నడపగలడో ముందు తెలియాలి కదా అని జనార్ధనరావు గారు ఒక ఏర్పాటు చేశారు. ముందు విశ్వనాథం గారు కూర్చున్నారు. మీట నొక్కారు, కారు కదల్లేదు. మళ్ళీ నొక్కారు. గట్టిగా నాలుగుసార్లు నొక్కారు. ఆరు నొక్కుళ్ళూ కూడబలుక్కుని ఒకేసారి చేరాయి. కారు వెళ్ళి చెట్టెక్కింది. అర మైలు తిరక్కుండా ఆయన ఆట ముగిసింది. తర్వాత జనార్ధనరావు గారు. ఆయనకు లోపల ఏం జరుగుతోందో పూర్తిగా తెలుసు, అయినా వేలు ఆగలేదు. మైలుంపావు దగ్గర మూడో లారీ తగిలింది. సిస్టమ్‌ను తిడుతూ లేచారు.

అబ్రహాం వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మీటల మీద పెట్టాడు, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. దూరంగా లారీ కనిపించింది. ఒక్కసారి నొక్కాడు. ఊరుకున్నాడు. పెట్టె గరగరలాడింది. గదిలో ఎవరో మళ్ళీ నొక్కమన్నారు. ఆయన నొక్కలేదు. రెండు సెకన్లకు కారు తలవంచుకుని పక్కకు జరిగింది, లారీ వెళ్ళిపోయింది. మళ్ళీ ఒక్కసారి నొక్కాడు. మళ్ళీ ఊరుకున్నాడు.

నా పక్కనున్న కృపానందం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు.

"గిది మన జీపే గద మేడం. స్టీరింగ్ ఇక్కడ తిప్పితె మూలమలుపు కాడ తిరుగుతది. బ్రేక్ మూడు పంపులు గొడితె గని పట్టది. అన్న ఇరవై ఏండ్ల సంది ముందుగాల తిప్పి ఊకుంటున్నడు."

నలభై ఒక్క నిమిషాలు పట్టింది. భోజనాల వేళ దాటిపోయింది, ఎవరూ కదల్లేదు. ఏడో మైలు దగ్గర జెండా ఊపే బొమ్మ వచ్చేదాకా అబ్రహాం ఒక్కసారి కూడా దేన్నీ తాకలేదు. కృపానందం వెళ్ళి ఆయన్ను వెనక నుంచి కావలించుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆఫీసు మీద నాకున్న కోపమంతా ఆ పూటకు మాఫీ చేశాను.

మర్నాడే మళ్ళీ కోపం వచ్చింది. జనార్ధనరావు గారు రెండు పేజీల నోటు పెట్టారు. కంప్యూటరు ఉండాల్సిన వేగంలో లేదు కాబట్టి పరీక్ష చెల్లదని, మెమొరీ ఎనిమిది ఎంబీకి పెంచి మళ్ళీ పెట్టాలని. మైలుంపావు దగ్గర ఓడిపోయిన కడుపుమంట అనుకున్నాను. అలా అనుకుంటూనే టైపు చేశాను. నిజం చెప్పాలంటే అందులో ఒక వాక్యం నన్ను గుచ్చింది. రోడ్డు మీద వచ్చేవాళ్ళు మన కోసం రెండు సెకన్లు ఆగరు అని రాశారాయన.

ఇంకో సెక్షన్‌లో మూలనపడ్డ కంప్యూటరు నుంచి నాలుగు మెమొరీ ముక్కలు తెచ్చారు. వేలెడంత పచ్చటి పలకలు, మీద నల్లటి గింజలు. కృపానందం పెట్టె విప్పి బిగించాడు. మిషను ఆన్ చేయగానే బిందె చప్పుడు ఆగిపోయింది. గదిలో ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. జనార్ధనరావు గారు కూర్చుని అయిదు మైళ్ళు చకచకా నడిపి, చాలు అన్నట్టు లేచారు.

అబ్రహాం కూర్చున్నాడు. లారీ కనిపించింది. ఒకసారి నొక్కాడు, ఎప్పటిలాగే ఊరుకున్నాడు. కారు ఆ క్షణంలోనే పక్కకు దూకి, మీట మీద వేలు తీసేలోపు గుంతలో పడింది. రెండోసారి లారీ. మూడోసారి ఏమిటో నేను చూడలేదు, కళ్ళు మూసుకున్నాను. అంతా కలిపి అర నిమిషం కాలేదు. ఎవరూ నవ్వలేదు. ఆయన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని లేచి, కుర్చీ మళ్ళీ బల్ల కిందికి జరిపి వెళ్ళిపోయాడు.

నివేదికలో జనార్ధనరావు గారు ఉన్నదున్నట్టు రాశారు. శ్రీ అబ్రహాం నాలుగు ఎంబీలో యోగ్యుడు, ఎనిమిది ఎంబీలో అయోగ్యుడు. విశ్వనాథం గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, చాలా స్పష్టంగా ఉందన్నారు. ఇక తేలాల్సింది ఒక్కటే. జీపు ఎన్ని ఎంబీ?

ఆ నోటు పట్టుకుని కృపానందం నా దగ్గరకు వచ్చాడు. జీపు గుర్రాలెన్ని అంటే చెప్తాడు, గేర్లెన్ని అంటే చెప్తాడు, ఈ ఎంబీ ఎక్కడ వెతకాలో తెలియక పొద్దుటి నుంచి జీపు కింద పడుకుని ఉన్నాడట.

"ఏం రాయాలె మేడం?" అన్నాడు.

"స్టీరింగు తిప్పితే చక్రాలు ఎంతసేపటికి తిరుగుతాయి?"

"రెండు సెకన్లు వట్టొచ్చు."

"అయితే నాలుగు" అన్నాను.

నేనే కాగితం ఎక్కించాను. 'సదరు జీపు నాలుగు ఎంబీ వాహనమని ధ్రువీకరించడమైనది. ఇకముందు పెంచుటకు వీలు లేదు.' కృపానందం సంతకం పెట్టాడు. అబ్రహాంకు జీపు తిరిగి ఇవ్వమని మర్నాడే ఆర్డరు వచ్చింది. ఒక షరతు ఉంది. మొదటిసారి ఉప్పల్ చౌరస్తా దాకా వెళ్ళి రావాలి, ఉద్యోగి ఒకరు సాక్షిగా పక్కన కూర్చోవాలి. ఆ సాయంత్రం నా అంత తెలివైనది నాచారంలో లేదనుకుంటూ ఇంటికి వెళ్ళాను.

సాక్షి మాత్రం దొరకలేదు. నలభై ఒక్క నిమిషాలు ఊపిరి బిగబట్టి చూసినవాళ్ళలో ఒకరికి ఆరోజు పొద్దుటి నుంచి కడుపులో మంట. ఒకరికి శుక్రవారం ప్రయాణం కలిసిరాదు. విశ్వనాథం గారికి మీటింగు. జీపును ధ్రువీకరించినవాడే సాక్షిగా ఉండరాదని కృపానందాన్ని పక్కన పెట్టారు. జనార్ధనరావు గారు ఏ కారణమూ చెప్పకుండా నా ముఖంలోకి చూశారు. నేనూ కారణం వెతుక్కున్నాను. మోకాలి నొప్పి ఉంది, నిజంగానే ఉంది. నాకు భయం వేసింది. కానీ ఆ నాలుగు అంకె నాది. పోర్టికోలో అబ్రహాం ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, జీపు స్టార్టు చేసి, ఎవరొస్తారా అని తలుపు వైపు చూస్తున్నాడు. నేను వెళ్ళి ఎక్కాను.

డిసెంబరు ఎండ హాయిగా ఉంది. హబ్సిగూడ దగ్గర వరంగల్ రోడ్డు ఎక్కేదాకా నేను పిడి వదల్లేదు. ఆయన ఇరవై దాటించలేదు. మలుపు రావడానికి చాలా ముందే స్టీరింగు తిప్పి ఊరుకునేవాడు, జీపు తీరిగ్గా తిరిగేది. ముఖం చూశాను. సారమ్మ గుండీలు పెట్టిన మనిషిలా లేడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, మాటల్లో కూడా పడ్డాను. వాళ్ళ ఊరి చర్చి గంట గురించి ఏదో చెప్తున్నాడు.

ఉప్పల్ చౌరస్తాలో ఎప్పటిలాగే బస్సులు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. రెండు బస్సుల మధ్య నుంచి నెత్తి మీద తోటకూర గంప పెట్టుకుని ఒకామె ఇటు చూడకుండా రోడ్డు మీదికి వచ్చింది. జీపు గునిసింది, ఊగింది, ఆగింది. గంప అంచుకూ బానెట్టుకూ జానెడు లేదు. ఆమె ఉన్నచోటే నిలబడి మా ఇద్దరినీ, ఆ జీపునూ, దాన్ని కన్నవాళ్ళనూ కలిపి తిట్టి, గంప సర్దుకుని వెళ్ళిపోయింది. ఏమీ జరగలేదు.

అబ్రహాం జీపును మెల్లగా పక్కకు తీసి ఇంజను ఆపాడు. తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు.

"మేడం, మీరు గూడ బ్రేక్ తొక్కిన్రు."

చూసుకున్నాను. నా కుడికాలు ఇంకా నేల రేకును నొక్కిపెట్టే ఉంది. అక్కడ ఏ బ్రేకూ లేదు.

"భయానికి తొక్కినట్టున్నాను."

"సప్పుడు ఇన్న. మీ చెప్పు సప్పుడు ముందుగాల వచ్చింది. నా కాలు తర్వాత వడ్డది." ఆగి మళ్ళీ అడిగాడు. "మీకు బండి తోలుడు రాదు గద?"

"రాదు. అయినా జీపు ఆగింది కదా, అబ్రహాం."

"జీపు గాదు మేడం. ఆమె ఆగింది."

అంత మందిమి, అన్ని గ్రాఫులు, ఇన్ని ఎంబీలు, ఒక్కరమైనా ఆయన కుడికాలు ఎలా ఉందని అడగలేదు. ఆ ఆటలో కాలుకు పనే లేదు. నాకు సిగ్గేసింది. ఆ నాలుగు అంకె టైపు చేసిన వేళ్ళను చూసుకుంటే ఏడుపొచ్చింది.

వెనక్కి ఆయన నడపలేదు. ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తే కృపానందం బస్సెక్కి వచ్చాడు. అబ్రహాం తాళంచెవి జేబులోంచి తీసి, ఒకసారి చొక్కాకు తుడిచి, అతని చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ జీపులో వెనక సీట్లో కూర్చున్నాడు. "ఎనక సీటు గింత గట్టిగుంటదని ఎవ్వలూ జెప్పలే" అన్నాడు దారిలో. కృపానందం అద్దంలోకి చూడకుండా నడిపాడు.

విశ్వనాథం గారికి పెద్ద చిక్కు వచ్చిపడింది. యోగ్యుడని ఆర్డరు పొందిన డ్రైవరు తనంతట తాను అయోగ్యుడినని చెప్పుకునే వీలు ఏ రూలులోనూ లేదట. దాని మీద కొత్త ఫైలు తెరిచారు. అది తేలేదాకా అబ్రహాం రికార్డుల్లో డ్రైవరు, గేటు దగ్గర స్టూలు మీద మనిషి.

సోమవారం నేను కృపానందాన్ని క్లబ్బుకు పిలిచి, కంప్యూటరులో కొత్తగా పెట్టిన నాలుగు ముక్కలూ తీసేయమన్నాను. అతను ఎందుకని అడగలేదు. వాటిని కవరులో పెట్టి బీరువాలో వేసి, రిజిస్టరులో 'అధిక వేగం కారణంగా తొలగించడమైనది' అని రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నం జనార్ధనరావు గారు వచ్చి ఆట పెట్టారు. మీట నొక్కారు. కారు కదల్లేదు. పెట్టె గరగరలాడింది.

"బిందె చప్పుడు మళ్ళీ వస్తోందే" అన్నారు నా వైపు చూసి.

"వస్తోందండీ" అన్నాను. నా పేరు చెడినా సరే, ఆ పూట ఆయనతో పెద్ద గొడవకు సిద్ధంగా ఉన్నాను.

ఆయన నోటు పెట్టలేదు. లేచి, ఆనుకోవడానికి వీలున్న ఆ ఒక్క కుర్చీని కంప్యూటరు ముందుకు సరిగ్గా జరిపి, తను వెళ్ళి క్యారం బోర్డు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు.

ఒంటిగంటకు అబ్రహాం గేటు దగ్గర నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. అప్పటి నుంచి రోజూ వస్తున్నాడు. కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో ఒకసారి నొక్కి ఊరుకుంటాడు. కారు తిరిగేదాకా గదిలో అందరం ఆగుతాం.